గిన్నె మోగేదాకా

ఆ తలుపు తెరుచుకోకూడదు. ఇప్పుడు మాస్టారికి కావలసింది అదొక్కటే, లోకంలో మిగతా తలుపులన్నీ ఊడి కిందపడ్డా ఆయనకి పట్టదు, ఎదురుగా ఉన్న ఈ ఆపరేషను గది ఆకుపచ్చ తలుపు, నడుమ గుండ్రటి అద్దం పెట్టి, అందులోంచి ఏమీ కనపడకుండా లోపలినుంచి కాగితం అంటించిన ఈ ఒక్క తలుపు మాత్రం మధ్యాహ్నం దాకా ఇలాగే బిగుసుకుని ఉండాలి. పొద్దున డాక్టరమ్మ చెప్పింది, చిన్నపిల్ల, మాస్టారి కళ్ళజోళ్ళ షాపుకొచ్చి ఫ్రేము రంగు తేల్చుకోలేక అరపూట అద్దంలో చూసుకునే వయసు, కానీ చెప్పడం మాత్రం కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. పొట్ట తెరిచి చూస్తాం, గడ్డ తీయగలిగేలా ఉంటే తీసేస్తాం, అది పెద్ద పని, నాలుగైదు గంటలు పడుతుంది. తీయలేనంతగా పాకిపోయి ఉంటే దాన్ని ముట్టుకోకుండా కుట్టేసి వచ్చేస్తాం, దానికి గంట కూడా పట్టదు. ఆ మాట విన్నప్పటినుంచి ఆయన కళ్ళు గోడ గడియారానికీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఎంత ఆలస్యమైతే అంత బతుకు. భార్య ఇంకా లోపలే ఉందంటే, ఆ కత్తెరలు ఇంకా ఆడుతున్నాయంటే, చేయడానికి ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట. ఇన్నేళ్ళుగా జనాన్ని ఎదురుగా ధ్యానానికి కూర్చోబెట్టి, ఈ గంట ఎప్పుడు గడుస్తుందిరా దేవుడా అని వాళ్ళు లోపల్లోపల గింజుకుంటుంటే చిరునవ్వుతో చూసిన మనిషి, ఇవాళ ఆ తలుపు తెరుచుకోకుండా ఒక్క గంట గడిస్తే చాలని, ఎగిరి ఆ గడియారం ముల్లు మీద కూర్చుని దాన్ని ముందుకి తోసేస్తే బాగుండునని చూస్తున్నాడు.

గిన్నె మాస్టారంటే ఆ నాలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. వారమంతా కళ్ళజోళ్ళ షాపులో పని, కళ్ళు పరీక్ష చేయడం, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. ఆదివారం పొద్దున మాత్రం, కింద భార్య నడిపే కుట్టు దుకాణం, పైన ఒక్క గది, ఆ గదిలో ధ్యానం నేర్పడం. రుసుం లేదు. బుద్ధుడి బొమ్మ కూడా లేదు, బొమ్మ పెడితే బొమ్మనే చూస్తారు, లోపలికి చూడరని ఆయన పెట్టలేదు. ఉన్నదల్లా గోడవారన పేర్చిన దిండ్లు, భార్య పాంట్లు పొట్టి చేయగా మిగిలిన పీలికలు కూరి పరదా గుడ్డతో కుట్టినవి, ఇంకా ఒక కంచు గిన్నె. కుర్రతనంలో ఇల్లు వదిలిపోయి ఒక ముసలి భిక్షువు దగ్గర కొన్నేళ్ళుండి వచ్చాడు, వస్తూ తెచ్చుకున్నది ఆ గిన్నె ఒక్కటే. పెళ్ళైన కొత్తలో ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత మంచి గిన్నెలో ఒక పూటైనా ఏమీ వండలేదా మీరు అని నవ్వింది. ఆ తరవాత వారమంతా అందులో గుండీలు పోసుకునేది, నల్లవి, తెల్లవి, కోటు గుండీలు, చంటిపిల్లల గుండీలు అన్నీ కలిపి, ఆదివారం తెల్లారగట్ల వాటిని డబ్బాలోకి ఒంపి, గిన్నె తుడిచి, పైకి తెచ్చి పెట్టేది. ఆయనకి అది నచ్చేది కాదు, అనేవాడు కాదు. అనకపోవడం ఆయనకి బాగా చేతనైన విద్య.

గిన్నె అంచు మీద కర్రతో ఒక్క దెబ్బ, కూర్చుంటారు. గంటయ్యాక ఇంకో దెబ్బ, లేస్తారు. ఆ రెండు దెబ్బల నడుమ ఎవరూ కదలకూడదు, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరే కదలని గంట. ముక్కు మీద ఈగ వాలనీ, కాలు మొద్దుబారనీ, నడుములో గునపం దిగినట్టుండనీ, కదలకూడదు. నొప్పి వస్తే పారిపోకండి, దాన్ని తరమకండి, పక్కన కూర్చుని చూడండి అని చెప్పేవాడు. ఎక్కడ మొదలవుతోంది, ఎక్కడ ఆగుతోంది, మంటా, పోటా, లాగడమా. నా నొప్పి అని మీద వేసుకోకండి, నొప్పి ఉంది, అంతే, ఆకాశంలో మబ్బుంది అన్నట్టు. వచ్చిందేదైనా పోతుంది. అబద్ధం చెప్పలేదు. అదే ఇప్పుడు ఆయన్ని పీడిస్తున్నది, అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది, దొంగ స్వామి అనిపించుకుని చెప్పుదెబ్బలు తిని ఊరుకునేవాడు. కోపమొస్తే భార్యాపిల్లల మీద చెయ్యి చేసుకునే లారీ డ్రైవరు ఆ దిండు మీద కూర్చునే మెత్తబడ్డాడు. కొడుకు పోయాక కంటిమీద కునుకు లేని బడి పంతులమ్మ ఆ గదిలోనే నిద్రపోవడం నేర్చుకుంది. నిజమే చెప్పాడు, నిజం పనిచేసింది, అదే నిజం ఇప్పుడు ఆ ఆకుపచ్చ తలుపు వెనక బల్లమీద పడుకుని ఉంది.

ఊపిరి చూడు, అని తనకి తాను చెప్పుకున్నాడు. లోపలికి, బయటికి. ఫినాయిలు వాసన లోపలికి, బయటికి. కుర్చీలన్నీ ఒకే ఇనుప పట్టీకి బిగించారు, ఆ చివర ఒకాయన కాలు ఊపుతుంటే ఈ చివర మాస్టారు కూడా ఊగుతున్నాడు, ఊగుతుంది ఒళ్ళు, ఊగుతున్నది తెలుసుకునేది మనసు, సరే, మనసుని చూడు, చూసేవాణ్ణి చూడు, షాపులో అద్దం అరగదీస్తుంటే తెల్లటి నీళ్ళు కారతాయి, అద్దం తేటపడేదాకా అరగదీస్తూనే ఉండాలి, మనసూ అంతే అనేవాడు, మురికి మనసుది కాదు, మీద పట్టింది, తుడిస్తే పోయేది. ఎంత బాగా చెప్పేవాడు. లోపలికి, బయటికి. ఆమె మూతిమీద ఇప్పుడు మాస్కు లాంటిది పెట్టి ఉంటారు, ఆమె ఊపిరి ఆమె తీసుకోవడం లేదు, యంత్రం తీస్తోంది. పోయిన వేసవిలో, దుకాణంలో ఫ్యాను పాడైన రోజుల్లో, మిషను ముందు కూర్చున్నది ఉన్నట్టుండి తొక్కడం ఆపేసేది. మెట్ల మీద నుంచి ఆ టకటక ఆగిపోవడం ఆయనకి వినపడేది. కాసేపటికి మళ్ళీ మొదలయ్యేది. దారం తెగిందేమో అనుకునేవాడు. ఎన్నిసార్లు తెగుతుంది దారం, దుకాణం పెట్టిన మనిషి అంత నాసి దారం కొంటుందా, ఆ మాత్రం అనుమానం ఎందుకు రాలేదు. మొన్న డాక్టరమ్మ అడిగింది, ఎప్పటినుంచమ్మా నొప్పి అని. వేసవినుంచి అంది. మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం. అప్పుడామె డాక్టరమ్మ వైపు చూడలేదు, భర్త వైపు చూసి, పాఠం అప్పజెప్పే పిల్లలాగా, కొంచెం సిగ్గుపడుతూ, "వస్తుంది, పోతుంది అండీ. కదలకుండా గమనిస్తున్నాను" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది. ఆ గదిలో అర్థమైన మనిషి ఆయనొక్కడే.

మెట్ల వైపునుంచి గబగబా చెప్పుల చప్పుడు, మరదలు. బస్సు కండక్టరు, డ్యూటీ మధ్యలో దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేసింది, ఈలకి కట్టిన తాడు ఇంకా మెళ్ళోనే ఉంది. ఆవిడకి ఈ ధ్యానాలంటే మొదటినుంచీ వెటకారం. గిన్నె బావ అనేది. గంటసేపు కూర్చుంటే చాలు మోక్షమిస్తారట, మేం రోజంతా నిలబడతాం, మాకేమిస్తారు బావా అనేది, అక్కాచెల్లెళ్ళిద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు, ఆయన కూడా నవ్వేవాడు, లోపల మాత్రం పాపం దీనికి ఇంకా సమయం రాలేదని జాలిపడేవాడు. ఇవాళ నవ్వలేదు. తలుపు వంక చూసింది, ఇంకా లోపలే ఉందా అంది, ఆయన తలూపాడు, మంచిదేగా అంది, మంచిదే అన్నట్టు మళ్ళీ ఊపాడు. కుర్చీలో కూలబడింది. వరసంతా కదిలింది. ఈల తాడు వేలికి చుట్టుకుంటూ, నెమ్మదిగా, ఆవిడ నోట అంత నెమ్మదిగా మాట రాగా ఆయన ఎన్నడూ వినలేదు, మొదలుపెట్టింది. తిండి తగ్గిపోతే చూళ్ళేదా, బట్టలు వదులైపోతే తనే కుట్టి బిగించుకుంటుంటే చూళ్ళేదా, రాత్రిళ్ళు ఎటు తిరిగి పడుకుంటోందో పక్కనున్నవాడికి తెలీదా అని ఒక్కొక్కటే అడిగింది.

"బస్సు నిండా జనం ఉంటే అందులో ఎవరికి వాంతి వచ్చేలా ఉందో మొహం చూసి చెప్తాను నేను. చదువుకున్నదాన్ని కాదు, కూర్చున్నదాన్ని కాదు. నీ ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి బావా."

అని లేచి వెళ్ళి, యంత్రంలోంచి కాగితం కప్పుతో టీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తిట్టిన చేత్తోనే. ఆ కప్పు వేడికి ఆయన వేళ్ళు చురుక్కుమన్నాయి, వదల్లేదు, వేడి, వేడి అని గమనించబోయాడు, గమనించబోతున్నానని తెలిసి కప్పు కింద పెట్టేశాడు.

చూశాడు. చూడకేం. కళ్ళు చూడటమే బతుకుతెరువు. నల్లటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, ముక్కుమీద బరువు ఫ్రేము పెట్టి, ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడు, ఇదా అదా, తొందర లేదు, మళ్ళీ చూసి చెప్పండి అని పొద్దస్తమానం అడుగుతాడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళని, మళ్ళీ జన్మలో కనపడనివాళ్ళని, ఎంత ఓపిగ్గా, ఎంత ప్రేమగా, ఇప్పుడెలా ఉంది. ఇంటికొచ్చి ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగాలి, ఆమె ఎప్పుడూ బాగానే ఉండేది. ఆదివారం ధ్యానంలో వెనక వరసలో, తలుపు పక్కన కూర్చునేది, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి చప్పుడు కాకుండా తలుపు తీయొచ్చని. పోయిన వానాకాలంలో ఒక ఆదివారం కూడా అక్కడే కూర్చుంది. ఆ రోజు కొత్తగా వచ్చిన కుర్రాడొకడు కాలు పట్టేసి, అమ్మా అని మధ్యలో లేచిపోయాడు. చివర్న గిన్నె మోగించాక మాస్టారు అందరికీ ఆమెని చూపించాడు. అదిగో, ఆమెని చూడండి అన్నాడు. మొహం నిండా చెమట, పెదాలు తెల్లబడ్డాయి, అయినా రెప్ప కదల్లేదు, శిలలాగా కూర్చుంది, ఇన్నేళ్ళలో నా దగ్గర ఇంత గట్టిగా కూర్చున్నవాళ్ళు లేరు అన్నాడు. అందరూ తలలు తిప్పి చూశారు. ఆమె తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రం కుట్టు మిషను ముందు కూర్చుని కూనిరాగం తీసింది, పెళ్ళైన కొత్తలో తీసినట్టు. కాపురానికొచ్చినప్పటినుంచి నలుగురిలో ఆయన ఆమెని మెచ్చుకున్నది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క మాట.

అక్కడ మాస్టారి ఆలోచన ఆగింది, ఆగినచోట నేల లేదు. ఆమెకి నిర్వాణం కావాలని ఎవరు చెప్పారు. మనసు తత్వం తెలుసుకోవాలని, దుఃఖం మూలం పట్టుకోవాలని ఎప్పుడైనా అడిగిందా. ఆమెకి కావలసింది ఇంకో ఆదివారం, అంతే. ఇంకోసారి ఆయన వేలు తన వైపు చూపించి, అదిగో చూడండి అనడం. అందుకని చెమట తుడుచుకోలేదు, అందుకని మిషను ఆపి, పళ్ళ బిగువున కూర్చుని, మళ్ళీ తొక్కింది. ఆయన ఆ చెమటని సమాధి అనుకున్నాడు. ఇంకెవరూ అనుకోరు, కూరగాయలమ్మే మనిషైనా, దారినపోయే తాగుబోతైనా, ఏమ్మా ఒంట్లో బాలేదా అని అడిగేవాడు. శిలలాగా కూర్చుంది అని మెచ్చుకోవడానికి ఎన్నో ఏళ్ళు ధ్యానం చేసి ఉండాలి. మొన్న మొన్న, చివరి ఆదివారాల్లో ఒకసారి, గిన్నె కొడితే సరిగా మోగలేదు. కటక్‌మని చచ్చు శబ్దం చేసింది. చూస్తే అడుగున గుండీలు. ఒంపడం మరిచిపోయింది. మరిచిపోవడం కాదు, వంగలేకపోయింది. ఆయన వెనక వరస వైపు ఒక చూపు చూశాడు, నెమ్మది చూపే, కానీ ఆమెకి తెలుసు ఆ చూపంటే ఏమిటో. ఆమె లేచి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, గిన్నె తీసుకుని కిందికెళ్ళి, గుండీలు ఒంపి, మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. జనమంతా కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. ఆయన కూడా కళ్ళు మూసుకునే ఎదురుచూశాడు.

మైత్రి పంపు, మేలు కోరు, అని ఎవరో అన్నట్టైంది, ఆ ముసలి భిక్షువు గొంతే. చేసేది ఇంకేమీ లేనప్పుడు అది చెయ్యి. ముందు నీకు, నేను క్షేమంగా ఉందును గాక, ఆ మాట పెదవి దాకా వచ్చి రోత పుట్టింది, దాటేశాడు. తరవాత నీకు ప్రియమైనవాళ్ళకి. ఇన్నేళ్ళూ ఆ చోట ఆయన తలుచుకున్నది ఆ భిక్షువునే. తరవాత ముక్కూ మొహం తెలియనివాళ్ళకి, తరవాత శత్రువులకి, తరవాత చీమలకీ చేపలకీ, పుట్టినవాటికీ పుట్టబోయేవాటికీ. లోకం చివరిదాకా వెళ్ళి వచ్చేది ఆయన కరుణ, ప్రతి పొద్దూ, ఒక్క జీవిని వదలకుండా; పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కింద దుకాణంలో మిషను ముందున్న మనిషిని దాటుకుంటూనే పోయేది. ఇప్పుడు ఆమెకి పంపబోయాడు. నువ్వు క్షేమంగా ఉందువు గాక. మాటలు ఉన్నాయి, వెనక ఏమీ లేదు, ఖాళీ డబ్బా ఊపినట్టు. ఏడుపన్నా రాలేదు. మరదలు ఏడుస్తోంది, మోచేతిలో మొహం పెట్టుకుని, చప్పుడు లేకుండా, ఇనుప పట్టీ మీద వరసంతా సన్నగా వణుకుతోంది, ఆ వణుకు ఆయన వెన్నులోకి వస్తోంది, ఆవిడ ఏడుపులో ఆయన కూడా ఊగుతున్నాడు, కానీ అది ఆవిడది, ఆయనది కాదు. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి అరగదీసిన అద్దం ఎంత తేటగా ఉందంటే, దాని మీద ఏదీ నిలవడం లేదు.

తలుపు తెరుచుకుంది.

గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. గంట కాలేదు. డాక్టరమ్మ టోపీ తీసింది, నుదుటికి జుట్టు అంటుకుపోయి ఇంకా చిన్నపిల్లలా ఉంది, వాళ్ళిద్దరినీ చూసి నడక నిదానం చేసింది, ఆ నిదానంలోనే అంతా ఉంది, ఆ తరవాత మాటలు ఎందుకు. అయినా చెప్పింది. అన్నిచోట్లా ఉంది, ముట్టుకోలేదు, కుట్టేశాం. ఎన్నాళ్ళు అని మరదలు అడిగితే, లెక్కపెట్టుకోకండి అంది. మరి ఇంక మీరు చేసేదేమీ లేదా అని అడిగితే, ఒకటుంది, నొప్పి లేకుండా చూడగలం, అది మాత్రం మా చేతిలో ఉంది అంది. అది చెప్పి మాస్టారి వైపు తిరిగింది. "ఆవిడ బాగా ఓర్చుకునే మనిషిలా ఉన్నారు. ఓర్చుకోవద్దని మీరు చెప్పండి. నొప్పి అనగానే మందిస్తాం. అనకపోతే మాకు తెలీదు." మీరు చెప్తే వింటారు అని కూడా అంది.

తెలివొచ్చేదాకా ఉంచే ఆ పొడుగాటి గదిలోకి ఒక్కరినే రానిచ్చారు. మరదలు గుమ్మం దగ్గర ఆగిపోయింది. మంచాల మధ్య పరదాలు, వాటి అంచు కుట్లు ఊడి వేలాడుతున్నాయి, ఆమె చూస్తే ఊరుకోదు, సూది అడుగుతుంది. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు రెండూ పక్కలకి చాపి, అరచేతులు పైకి, ఆయన నేర్పినట్టు. కళ్ళు మూసే ఉన్నాయి. మొహం నిండా చెమట, పెదాలు తెల్లగా ఉన్నాయి, రెప్ప కదలడం లేదు. ఆ మొహం ఆయనకి తెలుసు. ఆ మొహాన్నే అందరికీ చూపించాడు.

దగ్గరికెళ్ళి వంగాడు. వచ్చింది ఆయనేనని ఆమెకి ఎలా తెలిసిందో, వాసనకో, అడుగుల చప్పుడుకో, పెదాలు విడదీసింది, మాట చాలా దూరంనుంచి, మత్తు అడుగునుంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏమండీ. గిన్నె ఇంకా మోగలేదా?"

ఆమె ఇంకా ఆ ధ్యానం గదిలోనే ఉంది. వెనక వరసలో, తలుపు పక్కన. కూర్చునే ఉంది.

"ఇవాళ చాలాసేపైందండీ" అంది. "నేను కదల్లేదు."

ఆయన చేతులు అటూ ఇటూ తడుముకున్నాయి. గిన్నె ఇంట్లో ఉంది, గుండీలతో. జేబులో ఎప్పుడూ ఉండే పొట్టి స్క్రూడ్రైవరు చేతికి తగిలింది, ఫ్రేము మరలు బిగించేది. ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు, దాని పిడితో, సెలైన్ సీసా వేలాడదీసిన ఇనుప కడ్డీ మీద ఒక్కటి కొట్టాడు. కటక్‌మంది. గుండీలున్న గిన్నె లాంటి శబ్దమే. పొడుగ్గా సాగలేదు, మోగిన చోటే చచ్చిపోయింది. చాలదేమోనని మళ్ళీ కొట్టాడు. సీసాలో నీళ్ళు ఊగాయి.

"మోగిందా?" అంది.

"మోగింది. లే. కదలొచ్చు."

అప్పుడు కదిలింది. ముందు వేళ్ళు ముడుచుకున్నాయి, తరవాత మోకాళ్ళు, తరవాత మొహం, ఆయన ఎన్నడూ చూడని మొహం, ఒక్కో ముడతా విడిపోయి మళ్ళీ వేరేగా ముడుచుకుంటూ, లోపల్నించి ఒక మూలుగు మొదలైంది. అది ఇవాళ్టి కోతది కాదు. పోయిన వేసవిలో మిషను ఆగినప్పుడు రావలసింది, వానాకాలం ఆదివారం రావలసింది, గిన్నె పట్టుకుని మెట్లెక్కినప్పుడు ఒక్కో మెట్టుకీ రావలసింది, అన్నీ వరసలో నిలబడి ఉండి తలుపు తీయగానే తోసుకొచ్చినట్టు వస్తోంది. ఆమె చెయ్యి ఆయన చొక్కా పట్టుకుంది. వదలలేదు. ఆయన ఆ మూలుగు ఎక్కడ మొదలవుతోందో, ఎక్కడ ఆగుతుందో చూడలేదు. అది ఆగడం లేదు.

"ఏమంటోంది బావా?" గుమ్మం దగ్గర్నుంచి మరదలు అడిగింది.

ఆయన తలెత్తాడు. ఆ గదిలో అన్ని మంచాల వాళ్ళూ తిరిగి చూసేలా, ఆ కారిడారు చివర కాలు ఊపుతున్న మనిషి ఊపడం ఆపేసేలా, తనకే తెలియని గొంతుతో పిలిచాడు.

"సిస్టర్. ఎవరైనా రండి. మా ఆవిడకి నొప్పిగా ఉంది. వేసవినుంచి నొప్పిగా ఉంది."